కవి జీవితాన్ని పక్కన పెట్టుకొని కవిత చదవడం ఎలా: దు ఫు, అఖ్మతోవా

చైనా, రష్యా కవులతో పరిచయం పెంచుకోవాలనుకునేవారు సాధారణంగా ఒక సంకలనం తెరిచి వరుసగా చదువుకుంటూ పోతారు. పేర్లన్నీ కలగాపులగమై, చివరికి లీ బై అంటే చంద్రుడు, పుష్కిన్ అంటే ద్వంద్వయుద్ధం అన్నంతవరకే గుర్తుంటుంది. అలా కాకుండా ఒక్కో దేశం నుంచి ఒక కవిని, ఆ కవి రచనల్లో ఒకే కవితను ఎంచుకొని, అది ఏ సంవత్సరంలో, ఏ ఊళ్లో, ఏ పరిస్థితిలో పుట్టిందో తెలుసుకొని చదవడం మేలు. మొదలుపెట్టడానికి నా ఎంపిక చైనా నుంచి దు ఫు, రష్యా నుంచి అన్నా అఖ్మతోవా.

ముందుగా ఒక కాగితాన్ని నిలువుగా రెండుగా మడిచి, ఒకవైపు దేశంలో జరిగినవి, మరొకవైపు కవికి జరిగినవి రాసుకోవాలి. దు ఫు 712లో పుట్టి 770లో మరణించాడు. 744లో లుయాంగ్‌లో తనకంటే పదకొండేళ్లు పెద్దవాడైన లీ బైని కలిశాడు. తరువాత రాజధాని చాంగాన్‌లో కొలువు కోసం ఏళ్ల తరబడి తిరిగి, 755లో చిన్న ఉద్యోగం సంపాదించి ఇంటికి వెళ్లేసరికి పసికొడుకు ఆకలితో చనిపోయి ఉన్నాడు. సంపన్నుల ఇళ్ల ఎర్రటి తలుపుల వెనుక మద్యమాంసాలు కుళ్లుతుంటే దారిలో చలికి చచ్చినవారి ఎముకలు పడి ఉన్నాయని అతడు రాసింది ఆ ప్రయాణం గురించే. కాగితం రెండోవైపు చూస్తే, అదే చలికాలంలో సేనాని అన్ లుషాన్ తిరుగుబాటు చేశాడు. దేశాన్ని ఛిన్నాభిన్నం చేసిన ఆ యుద్ధం 763 దాకా సాగింది.

ఇప్పుడు 757లో అతడు రాసిన వసంత దృశ్యం కవితకు రావచ్చు. అప్పటికి చాంగాన్ తిరుగుబాటుదారుల చేతిలో ఉంది, కొత్త చక్రవర్తిని చేరుకోవాలని బయలుదేరిన దు ఫు దారిలో వారికి చిక్కి అదే నగరంలో ఉన్నాడు, భార్యాపిల్లలు దూరంగా ఫుజౌ ప్రాంతపు పల్లెలో ఉన్నారు. రాజ్యం శిథిలమైంది, కొండలూ నదులూ మిగిలాయి అంటూ కవిత మొదలవుతుంది. నగరంలో వసంతం వచ్చి గడ్డీ చెట్లూ దట్టంగా పెరిగాయన్న మాటను తొందరపడి అందంగా చదువుకోకూడదు, ఎందుకంటే రాజధానిలో గడ్డి అంతగా పెరిగిందంటే తొక్కే మనుషులు లేరని అర్థం. యుద్ధ సంకేతాల మంటలు మూడు నెలలుగా ఆరలేదనీ, ఇంటి నుంచి ఒక ఉత్తరం వస్తే అది వేల బంగారు నాణేలకు సమానమనీ చెప్పే పాదాల దగ్గరకు వచ్చేసరికి, ఫుజౌలో ఉన్న కుటుంబం సంగతి తెలిసిన పాఠకుడికి వేరే వ్యాఖ్యానం అక్కరలేదు. చివరి రెండు పాదాల్లో దేశం కనిపించదు. గోక్కోవడంతో పలచబడి, జడసూదిని కూడా నిలపలేని తెల్లజుట్టు మాత్రమే ఉంటుంది. అప్పటికి అతడికి నలభై అయిదేళ్లు.

కవిత మొత్తం ఎనిమిది పాదాలు, పాదానికి అయిదు అక్షరాలు, అంటే నలభై అక్షరాలే. సరి పాదాలకు అంత్యప్రాస, స్వరాల ఎత్తుపల్లాలకు నియమం, నడుమ జంట పాదాలు ఒకదానికొకటి అద్దంలా నిలబడాలన్న కట్టుబాటు ఉంటాయి. యతిప్రాసలకు అలవాటుపడిన తెలుగు చెవికి ఇంత బిగువు వింతగా తోచదు. అనువాదంలో ఇదంతా పోతుంది కాబట్టి ఒక కవితకు కనీసం రెండు అనువాదాలు పక్కపక్కన పెట్టుకోవాలి. రెండింటిలోనూ నిలిచినది ఎక్కువగా కవిది, ఒకదానిలోనే ఉన్నది బహుశా అనువాదకుడిది.

అఖ్మతోవా (1889–1966) విషయంలో కాగితం మరింత త్వరగా నిండిపోతుంది. మొదటి భర్త, కవి గుమిల్యోవ్‌ను 1921లో కాల్చి చంపారు. కొడుకు లెవ్‌ను పలుమార్లు అరెస్టు చేశారు. లెనిన్‌గ్రాద్ జైలు గోడల ముందు పదిహేడు నెలలు వరుసల్లో నిలబడ్డానని ఆమే రాసింది. ఆ అనుభవంలోంచి వచ్చినదే రెక్వియం, అంటే మృతులకు అర్పించే శాంతిగీతం. ఎక్కువ భాగం 1935–1940 మధ్య రాసిన ఆ కావ్యాన్ని కాగితం మీద ఉంచడమే ప్రాణాపాయం కాబట్టి, ఆమె చిన్న ముక్క మీద రాసి చూపితే స్నేహితురాలు లిదియా చుకోవ్‌స్కయా కంఠస్థం చేసేది, వెంటనే దాన్ని బూడిదపళ్లెం మీద కాల్చేసేవారు. 1963లో మ్యూనిక్‌లో అచ్చయిన ఈ రచన సోవియట్ యూనియన్‌లో 1987 వరకు వెలువడలేదు. మొదట ముందుమాటకు బదులుగా ఉన్న చిన్న వచనాన్ని, తరువాత ముగింపును, ఆపైన నడుమ కవితలను చదవాలని నా సలహా. ఆ వచనంలో, చలికి పెదవులు నీలంగా మారిన స్త్రీ ఒకరు దీన్ని వర్ణించగలరా అని గుసగుసగా అడిగితే, కవయిత్రి వర్ణించగలను అని జవాబిస్తుంది. ముగింపులో, తనకు విగ్రహం పెట్టదలిస్తే సముద్రతీరంలోనో ఉద్యానవనంలోనో కాదు, ఆ జైలు ద్వారం దగ్గరే పెట్టమంటుంది. 2006లో నిజంగానే నేవా నదికి ఇవతల, క్రెస్తీ జైలుకు ఎదురుగా విగ్రహం నిలిపారు.

తేదీలు సరిచూసేటప్పుడు ఒక చిక్కు వస్తుంది. 1918 వరకు రష్యా పాత పంచాంగం పాటించడం వల్ల పుష్కిన్ ద్వంద్వయుద్ధం ఒక పుస్తకంలో 1837 జనవరి 27 అనీ, మరొకదానిలో ఫిబ్రవరి 8 అనీ కనిపిస్తుంది. రెండూ ఒకే రోజు. చైనా పేర్లలో ఇంటిపేరు ముందు వస్తుంది, పాత పుస్తకాల్లో దు ఫు కాస్తా తు ఫు అవుతాడు, లీ బై లి పో అవుతాడు. కథలను మాత్రం వేరే రంగు సిరాతో రాసుకోవాలి: నీళ్లలో చంద్రబింబాన్ని పట్టుకోబోయి లీ బై మునిగిపోయాడన్నది అందమైన కట్టుకథే తప్ప చరిత్ర కాదు.

ఈ ఇద్దరూ అలవాటయ్యాక మూడో కవిగా క్రీస్తుపూర్వపు చైనాలోని చు రాజ్యానికి చెందిన చ్యు యువాన్‌ను తీసుకోవచ్చు. కొలువులోని అపనిందల వల్ల వెలివేతకు గురై మిలువో నదిలో ప్రాణాలు విడిచాడని చెప్పే ఆ కవి దీర్ఘకావ్యం లీ సావోను రష్యన్‌లోకి అనువదించిన వారిలో అఖ్మతోవా ఒకరు. 1946లో అధికారికంగా నిందలపాలై, రచయితల సంఘం నుంచి బహిష్కరణకు గురైన తరువాతి కాలంలో ఆమె చేసిన పని అది. కాగితం మీద ఆ రెండు జీవితాలకూ పక్కపక్క గడులు కేటాయించి చదవండి.