ఫెండర్ అంచు మడిచేటప్పుడు పెయింట్ పగలకుండా

కారుకు 7 అంగుళాల వెడల్పు, 45 ఆఫ్‌సెట్ (చక్రం బిగించే ముఖం దాని మధ్యగీతకు బయటి వైపున ఎన్ని మిల్లీమీటర్ల దూరంలో ఉందో చెప్పే అంకె) చక్రం తీసి 8 అంగుళాలు, 35 ఆఫ్‌సెట్‌ది వేస్తే బయటి అంచు దాదాపు 23 మిల్లీమీటర్లు బయటికొస్తుంది. గుంతలో పడగానే టైరు ఫెండర్ (చక్రం పైనుండే బాడీ రేకు) లోపలి పెదవికి, అంటే అంచుకు రాసుకుంటుంది. ఆ పెదవిని రోలర్‌తో (అంచును నొక్కి మడిచే పనిముట్టు) మడవాలి. చక్రం తీసి, రోలర్‌ను హబ్‌కు (చక్రం బిగించే భాగం) బిగించి, హీట్ గన్‌తో చెయ్యి ఆనించలేనంత వేడి చేసి, కొంచెం కొంచెంగా నాలుగైదు విడతల్లో మడవండి. చల్లారనిస్తే పెయింట్ పెళుసెక్కి పగులుతుంది. సుత్తి జోలికి పోకండి, బయట సొట్టలు తేలతాయి.

వెనక ఫెండర్‌తో మరీ జాగ్రత్త. అక్కడ రెండు రేకులు కలుస్తాయి. మడిస్తే మధ్యనున్న సీలెంట్ చిట్లి, నీళ్లు దిగి, లోపల్నుంచి తుప్పు తింటుంది. పని కాగానే సీమ్ సీలర్ (అతుకు మూసే పేస్టు) పూసి, ఆరాక అండర్‌కోట్ (తుప్పు పట్టకుండా వేసే పూత) కొట్టండి. ముందు చక్రాలకైతే స్టీరింగ్ రెండు వైపులా పూర్తిగా తిప్పి, లైనర్ (ఫెండర్ లోపలి తొడుగు) స్క్రూలు టైరుకు తగులుతున్నాయేమో కూడా చూడండి.