నీళ్ళను కాదు, గోడను చూడండి: ఇంట్లో బయోఫిల్మ్ పెంచే పద్ధతి

ఎయిర్‌కూలర్ తొట్టిలో నీళ్ళు తేటగానే కనిపిస్తాయి. వేలితో తొట్టి గోడ మీద రాస్తే మాత్రం జర్రున జారుతుంది. ఆ జారేదే బయోఫిల్మ్. బ్యాక్టీరియా ఒక ఉపరితలానికి అతుక్కుని, తమ చుట్టూ తామే జిగురు ఊర్చుకుని, అందులో కాపురం పెట్టడం. పళ్ళ మీది పాచి అదే, నీళ్ళ ట్యాంకు అడుగున ఉండేదీ అదే.

నేను ఒక డిగ్రీ కాలేజీ మైక్రోబయాలజీ ల్యాబులో అసిస్టెంటుగా చేసి రిటైరయ్యాను. ఉద్యోగంలో సగభాగం గాజుసామాను కడగడమే. నీళ్ళు పారబోసి రెండుసార్లు తొలిస్తే సీసా శుభ్రమైనట్టేనని కొత్తగా చేరిన పిల్లలు అనుకునేవాళ్ళు. లోపలి గోడ మీద పుల్లతో గీసి చూపిస్తే మొహం చిట్లించేవాళ్ళు. పాఠంలో ఎప్పుడూ నీటిచుక్కలో ఈదే జీవుల బొమ్మే కదా ఉండేది! చెరువులోనూ కాలువలోనూ ఎక్కువ భాగం బ్యాక్టీరియా ఈదుతూ కూర్చోదు, దొరికిన రాయినో ఆకునో పట్టుకుని ఉంటుంది. అమెరికాలోని మిన్నెసోటాలో ఆర్థర్ హెన్రిచీ అనే ఆయన 1933లోనే ఈ మాట రాశాడు. ఆయన వాడిన పరికరం కూడా పెద్దదేం కాదు. గాజు స్లైడును నీళ్ళలో ముంచి ఉంచి, కొన్నాళ్ళకు తీసి, రంగు వేసి చూశాడు. మనం చేయబోయేదీ అంతే.

కావలసినవి చెప్తాను. వెడల్పు మూతి గాజు సీసాలు రెండో మూడో, పచ్చడి పెట్టుకునేవైతే బాగుంటాయి (మళ్ళీ పచ్చడికి వాడకూడదు, ముందే అనుకోండి). మైక్రోస్కోపు స్లైడులు ఒక పెట్టె, కొన్ని కవర్‌స్లిప్‌లు. థర్మోకోల్ ముక్క. పాత పంచె గుడ్డ. మెడికల్ షాపులో జెన్షియన్ వయొలెట్ చిన్న సీసా, అదే, పూర్వం నోటిపూతకు రాసేవారే ఆ ఊదారంగు మందు. ల్యాబుల్లో బయోఫిల్మ్‌కు వేసే క్రిస్టల్ వయొలెట్టే అందులో ప్రధానంగా ఉండేది. సర్జికల్ స్పిరిట్, రబ్బరు గ్లౌజులు, బ్లీచింగ్ పౌడరు. మైక్రోస్కోపు ఉంటే సరేసరి. లేకపోతే కాగితంతో మడిచి చేసుకునే ఫోల్డ్‌స్కోప్ సరిపోతుంది. స్టాన్‌ఫర్డ్‌లో మను ప్రకాష్ బృందం చేసిన ఆ పరికరం సుమారు 140 రెట్లు పెద్దది చేసి చూపిస్తుంది. దాంతో నాచు, గంటల్లా వేలాడే జీవులు బాగా తెలుస్తాయి. ఒక్కొక్క బ్యాక్టీరియాను విడిగా చూడాలంటే మాత్రం 400 రెట్లు చూపే స్టూడెంట్ మైక్రోస్కోపు కావాలి. బ్యాక్టీరియా పొడవు మిల్లీమీటరులో వెయ్యోవంతో రెండు వంతులో ఉంటుంది మరి.

నీళ్ళు ఎక్కడివి? మాది కృష్ణా డెల్టా, గుమ్మం దాటితే కాలువ. చెరువు నీళ్ళయినా, చేపల తొట్టి నీళ్ళయినా పనికొస్తాయి. మునిసిపాలిటీ కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది కాబట్టి వెడల్పు గిన్నెలో ఒక రోజు మూత లేకుండా ఉంచి, అందులో పావువంతు కాలువ నీళ్ళు కలపండి. మురుగుకాలువ నీళ్ళ జోలికి వెళ్ళొద్దు. పుండ్లు, ఉమ్మి, ఆస్పత్రి వస్తువులు, పచ్చి మాంసం, ఇవేవీ ఈ సీసాల్లోకి రాకూడదు. చూడటానికి పెంచుతున్నాం, రోగం తెచ్చుకోవడానికి కాదు. ఇంట్లో కీమోథెరపీ తీసుకుంటున్నవాళ్ళో, అవయవ మార్పిడి అయినవాళ్ళో ఉంటే ఈ పని స్కూల్లోనో వేరే చోటో చేసుకోండి.

మేత కొంచెం వేయాలి. గుప్పెడు ఎండు వరిగడ్డిని లీటరు నీళ్ళలో పావుగంట మరిగించి, వడకట్టి, చల్లార్చండి. టీ రంగు కషాయం వస్తుంది. సీసాలో లీటరు నీటికి ఇది రెండు టీస్పూన్లు చాలు. పిల్లలు ఎప్పుడూ ఇంకొంచెం పోద్దామంటారు. ఎక్కువైతే నీళ్ళే పాలలా తెల్లబడి కంపు కొడతాయి, ఈదేవాటి సంత మొదలవుతుంది, గోడ మీద ఏం జరుగుతోందో కనపడదు. నీళ్ళు పేదగా ఉన్నప్పుడే గోడకు విలువ. క్లాడ్ జోబెల్ అనే అమెరికా శాస్త్రవేత్త 1943లో సముద్రపు నీటితో చూపించింది ఇదే: కరిగి ఉన్న కాస్త పోషకం గాజు మీద చేరుతుంది, దాని వెనకే బ్యాక్టీరియా చేరుతుంది.

మిగిలిన కషాయాన్ని పారబోయకండి. ఒక గ్లాసులో పోసి, పైన గుడ్డ కట్టి, పక్కన పెట్టండి. మరిగించిందే అయినా రెండు మూడు రోజుల్లో పైన ముడతలుపడ్డ పొర తేలడం మామూలే. గడ్డిలో ఉండే బాసిల్లస్ జాతి బ్యాక్టీరియా బీజాలు మరుగుతున్న నీళ్ళను తట్టుకుంటాయి. 1870లలో ఫెర్డినాండ్ కోన్, జాన్ టిండాల్ అనే శాస్త్రవేత్తలు ఎండుగడ్డి కషాయాలతో కుస్తీ పట్టి తేల్చిన సంగతి ఇది. నీటిమీద తేలే ఈ పొర కూడా బయోఫిల్మే, దీనికి గాలి నీరు కలిసే చోటే నేల.

ఇప్పుడు అసలు పని. స్లైడులను గిన్నెలు తోమే సబ్బుతో కడిగి, స్పిరిట్‌తో తుడిచి ఆరబెట్టండి. ఆ తర్వాత అంచులే పట్టుకోవాలి, వేలి జిడ్డు అంటితే అది కూడా రంగు పట్టుకుంటుంది. థర్మోకోల్‌ను సీసా మూతికంటే కాస్త పెద్దగా గుండ్రంగా కోసి, అందులో బ్లేడుతో చీలికలు పెట్టండి. ఒక్కో చీలికలో ఒక్కో స్లైడు నిలువుగా దూర్చండి. 75 మిల్లీమీటర్ల స్లైడులో మూడింట రెండు వంతులు నీళ్ళలో ఉండాలి, పైభాగం బయట. గాలి కోసం మూతకు రెండు మూడు చిల్లులు. స్లైడును అడుగున పడుకోబెడితే మట్టి, చచ్చిన ముక్కలు పైన పడి కూర్చుంటాయి, వాటికి రంగు వేసి బయోఫిల్మ్ అని మురిసిపోతాం. నిలువుగా ఉన్నదాని మీద ఏదైనా ఉందంటే అది పట్టుకుని ఉన్నదే.

మూత మీద గుడ్డ వేసి రబ్బరు బ్యాండు బిగించండి. ఇది అలంకారం కాదు. నిలవ నీళ్ళు వారం పది రోజులుంటే డెంగీ దోమ గుడ్డు నుంచి రెక్కల దాకా వచ్చేస్తుంది. నా సీసాలు వంటింటి కిటికీలో చూడగానే మా కోడలు అడిగిన మొదటి ప్రశ్న అదే: "అత్తయ్యా, దోమలు పెంచుతున్నారా?" సీసాలు పెరటి వరండాలోకి మారాయి, అక్కడే వాటికి మంచి చోటు కూడా. వెలుతురు ఉండాలి, ఎండ తగలకూడదు. ఒక సీసాకు నల్లకాగితం చుట్టి చీకట్లో ఉంచితే తేడా చూడొచ్చు. వెలుతురు సీసాలో వారానికి నాచు, డయాటమ్‌లు (గాజులాంటి పెంకు ఉండే ఒంటికణం నాచు) వచ్చి పలక గోధుమ పచ్చగా మారుతుంది, చీకటిది బూడిదరంగులోనే ఉంటుంది.

స్లైడులు తీసే వేళలు ముందే కాగితం మీద రాసుకోండి: నీళ్ళలో పెట్టిన ఆరు గంటల తర్వాత ఒకటి, మర్నాడు ఒకటి, మూడో రోజు, ఐదో రోజు, ఎనిమిదో రోజు. తీసిన స్లైడు మళ్ళీ లోపల పెట్టరు. మధ్యలో ఎత్తి చూడటం, సీసా కదపడం, నీళ్ళు మార్చడం వద్దు. మా మనవడికి ఈ ప్రయోగం మొత్తంలో కష్టమైన పని ఇదే. "నానమ్మా, ఊరికే ఒక్కసారి చూస్తా" అంటాడు. గాలిలోకి తీసినప్పుడు నీటి ఉపరితలం స్లైడు మీదుగా జారుతూ సరిగ్గా అతుక్కోనివాటిని లాక్కుపోతుంది, ఊరికే చూడటమంటూ ఏమీ ఉండదు.

స్లైడు తీశాక ముందు బతికున్నదాన్ని చూడండి. వెనకవైపు టిష్యూతో తుడిచేసి, ముందువైపు సీసాలోని నీళ్ళే ఒక చుక్క వేసి, కవర్‌స్లిప్ పెట్టి, 100 రెట్లలో మొదలుపెట్టండి. వారం దాటిన పలక మీద వోర్టిసెల్లా కనిపిస్తే ఆ పూట ఇంకేం పనులు సాగవు. సన్నని కాడ మీద గంటలా నిలబడి, అంచున వెంట్రుకలు తిప్పుతూ బ్యాక్టీరియాను నోట్లోకి లాగుతూ ఉంటుంది. టేబుల్ మీద వేలితో తడితే కాడ స్ప్రింగులా చుట్టుకుపోయి, మెల్లగా మళ్ళీ సాగుతుంది. పడవ ఆకారంలో బంగారురంగు డయాటమ్‌లు పలక మీద పాకుతాయి. ఇవన్నీ మన బ్యాక్టీరియా పొర మీద మేయడానికో, నిలబడటానికో వచ్చినవే.

రంగు వేయడానికి వేరే స్లైడు ఉంటే మంచిది. ఇక్కడ చేయి నెమ్మదించాలి. స్లైడును కుళాయి కింద పెట్టకండి. గ్లాసులో శుభ్రమైన నీళ్ళు పోసి, అంచు కిందికి ఉండేలా మూడుసార్లు నిదానంగా ముంచి తీయండి. పైపైన తిరిగేవి పోతాయి, పట్టుకున్నవి మిగులుతాయి. నీడన ఆరనివ్వండి. జెన్షియన్ వయొలెట్ లేబులు చూడండి: 1 శాతం అయితే ఒక వంతుకు తొమ్మిది వంతుల నీళ్ళు, అర శాతం అయితే నాలుగు వంతులు. గ్లౌజులు వేసుకుని, పాత ప్లేటు మీద పెట్టి, ఆ రంగును స్లైడు మీద పది నిమిషాలు నిలపండి. మళ్ళీ గ్లాసులో ముంచి, ముంచిన నీళ్ళు ఊదాగా మారడం ఆగేదాకా నీళ్ళు మారుస్తూ కడిగి, ఆరబెట్టండి. కంట్లో పడనివ్వొద్దు, గచ్చు మీద పడితే మరక పోదు.

దీంతోపాటు సీసాలోకి దిగని కొత్త స్లైడు ఒకటి కూడా ఇదే రంగులో, ఇదే సమయం, ఇలాగే కడగాలి. గాజే ఎంత రంగు పట్టుకుందో అది చెప్తుంది. ఇది లేని ప్రయోగాన్ని నేను లెక్కలోకి తీసుకోను.

ఆరుగంటల స్లైడు కంటికి ఖాళీగానే ఉంటుంది. 400 రెట్లలో అక్కడక్కడా ఊదా చుక్కలు, చిన్న పుల్లలు. మర్నాటి దానిలో అవి జంటలై, గుంపులై ఉంటాయి, ఎక్కువగా గాజు మీది గీతల వెంబడి. మూడో రోజుకు గుంపులు ద్వీపాల్లా లేచి, వాటి మధ్య రంగు పట్టని దారులు కనిపిస్తాయి. కణాల మధ్య పలుచగా పొగలా ఉన్న ఊదా మరక జిగురు. ఎనిమిదో రోజుకు నీటిమట్టం ఉన్న గీత దగ్గర మామూలు కంటికే ఊదా పట్టీ తెలుస్తుంది, గాలీ మేతా రెండూ అందే చోటు అది. కొన్నిచోట్ల పొర పెళ్ళగా ఊడిపోయి ఖాళీ కూడా ఉంటుంది. చలికాలంలో ఇవన్నీ ఆలస్యం అవుతాయి, మే నెలలో తొందరపడతాయి, నేను చెప్పిన రోజులు పట్టుకుని కూర్చోకండి.

ఎక్కువ తక్కువలు తేల్చాలంటే తెల్లకాగితం మీద అన్ని స్లైడులూ వరసగా పెట్టి ఒకే వెలుతురులో ఫొటో తీయండి. తర్వాత ఒక్కో స్లైడును ఒక్కో గిన్నెలో, సమానంగా కొలిచిన స్పిరిట్‌లో నానబెడితే రంగు దిగుతుంది. ఏ గిన్నె ముదురుగా ఉంటే ఆ పలక మీద అంత ఎక్కువ. పొయ్యి దగ్గర చేయకండి, స్పిరిట్ అంటుకుంటుంది.

రాగిబిందె గొప్పదనం గురించి అడిగేవాళ్ళు ఉంటారు కాబట్టి అదీ చెప్తాను. రాగిని మిగతా పలకలతో ఒకే సీసాలో వేయకూడదు, కరిగిన రాగి నీళ్ళంతా పాకి అన్నిటినీ దెబ్బతీస్తుంది. రెండు సీసాల్లో ఒకే నీళ్ళు పోసి, ఒకదానిలో రాగి రేకు వేలాడదీసి, రెండింటిలోనూ గాజు స్లైడులే పెట్టండి. స్లైడులనే పోల్చండి. మోటారు వైండింగ్ తీగ పనికిరాదు, దాని మీద వార్నిష్ పూత ఉంటుంది. కరెంటు పనివాళ్ళ దగ్గర దొరికే తీగ తొడుగు ఒలిచి వాడొచ్చు. గడ్డి కషాయం ఎక్కువ పోస్తే రాగి ప్రభావం తగ్గుతుంది, అందులోని సేంద్రియ పదార్థం రాగిని పట్టేసుకుంటుంది. ప్లాస్టిక్ సీసాను స్లైడు సైజు ముక్కలుగా కోసి గాజుతో పోల్చడం ఇంకా తేలిక, కాకపోతే ప్లాస్టిక్‌కు కూడా దాని ఖాళీ ముక్క విడిగా రంగు వేసి చూడాలి.

రెండు వారాలు దాటనివ్వకండి. ముగించేటప్పుడు సీసాలో లీటరుకు ఒక టేబుల్‌స్పూన్ చొప్పున బ్లీచింగ్ పౌడరు కలిపి, స్లైడులు కూడా అందులోనే వేసి, అరగంట బయట ఉంచి, బాత్రూము తూములో పారబోయండి. బ్లీచింగ్‌లో వెనిగరు గానీ, టాయిలెట్ కడిగే యాసిడ్ గానీ, రంగు దింపిన స్పిరిట్ గానీ కలపొద్దు, విషవాయువులు వస్తాయి. స్పిరిట్ గిన్నెలను విడిగా, ఎక్కువ నీళ్ళు కలిపి పారబోయండి. గాజు మీది జిగురు బ్లీచింగ్‌తో చచ్చినా గోడను వదలదు, బ్రష్షుతో తోమాల్సిందే. థర్మోకోల్ మూతను మాత్రం చెత్తలో వేసేయండి, దాని గుల్లల్లో దాక్కున్నది ఎంత నానబెట్టినా పోదు.