సైకిల్ మీద వెళ్తుంటే వాహనం గుద్దిందా? పరిహారం ఎలా అడగాలి

సైకిల్ మీద వెళ్తున్న మనిషిని కారో బైకో గుద్దితే, చాలామంది లేచి నిలబడి ముందు అనే మాట "పర్లేదండీ, మీరు వెళ్లండి". ఆ కంగారులో నొప్పి తెలియదు. రాత్రికి మెడ పట్టేస్తుంది, మర్నాడు తల తిరుగుతుంది. అప్పటికి బండి నంబరు కూడా దగ్గర ఉండదు. మొదటి రెండు మూడు రోజుల్లో పోగుచేసిన ఆధారాలే క్లెయిముకు ప్రాణం. అందుకే దయచేసి ఆ మాట అనకండి.

1. రోడ్డు మీదే చేయాల్సినవి

పక్కకు చేరి అంబులెన్సుకు, పోలీసులకు ఫోన్ చేయండి. బండి నంబరు, డ్రైవరు పేరు, బీమా కంపెనీ వివరాలు తీసుకోండి. బండ్లు కదలకముందే ఫొటోలు తీయండి: ఏది ఎక్కడ ఆగింది, టైరు జారిన గుర్తులు, కారుకు ఏ మూల సొట్ట పడింది, సిగ్నలు, రోడ్డు మీద గుంతలు. మీరు లేవలేకపోతే పక్కనున్నవాళ్లని అడగండి. చూసినవాళ్ల ఫోన్ నంబర్లు అక్కడే రాసుకోవాలి, తర్వాత వాళ్లు దొరకరు. మర్యాదకైనా "తప్పు నాదే" అనొద్దు.

2. అదే రోజు డాక్టరు దగ్గరికి

దెబ్బ ఎలా తగిలిందని అడిగితే "సైకిల్ మీద నుంచి పడ్డాను" అని ఊరుకోకండి. "కారు వెనక నుంచి గుద్దింది" అని చెప్పి, చీటీలో అలాగే రాయించండి. తర్వాత బీమా కంపెనీ లాయరు ముందుగా వెతికేది ఆ వాక్యం కోసమే.

3. ఫిర్యాదు, ఆధారాలు

పోలీసు ఫిర్యాదు నకలు తీసుకోండి. చుట్టుపక్కల దుకాణాల సీసీ కెమెరా దృశ్యాలు కొన్ని రోజులకే చెరిగిపోతుంటాయి, వాటిని భద్రపరచమని వెంటనే రాతపూర్వకంగా అడగండి. వంగిన సైకిల్ బాగు చేయించకండి. పగిలిన హెల్మెట్, చిరిగిన బట్టలు కూడా అలాగే ఉంచండి.

4. "నా తప్పూ కొంత ఉంది కదా" అని వెనక్కి తగ్గకండి

న్యాయంగా రావాల్సింది చాలామంది వదులుకునేది ఇక్కడే. లైటు వెలగకపోవడమో, పక్కకు తిరిగేటప్పుడు చెయ్యి చూపకపోవడమో మీ వైపు లోపమే కావచ్చు. అయినా ఇండియా, బ్రిటన్ సహా చాలా దేశాల్లో తప్పులో మీ వాటా మేరకే పరిహారం తగ్గుతుంది. అది 20 శాతమని తేలితే నష్టంలో 80 శాతం వస్తుంది. నెదర్లాండ్స్‌లో 14 ఏళ్ల లోపు పిల్లల విషయంలో, వాళ్లు కావాలని చేస్తే తప్ప, పూర్తి నష్టం మోటారు వాహనం వాళ్లే భరించాలి. అమెరికాలో వర్జీనియా, అలబామా లాంటి కొన్ని రాష్ట్రాలు మాత్రం కఠినం, మీ తప్పు కొంచెమున్నా ఏమీ రాకపోవచ్చు. అలాంటి చోట లాయరు లేకుండా బీమా కంపెనీతో మాట్లాడొద్దు.

5. ఏమేం అడగాలి

ఆసుపత్రి ఖర్చు, పోయిన జీతం, దగ్గరుండి చూసుకున్న మనిషి ఖర్చు, ముందు ముందు చేయించాల్సిన చికిత్స, శాశ్వత వైకల్యం, పడిన బాధ, సైకిల్ విలువ. ప్రతి రసీదూ దాచండి.

6. గడువు

ఇంగ్లండులో సాధారణంగా 3 ఏళ్లు, కాలిఫోర్నియాలో 2 ఏళ్లు. ఇండియాలో మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌కు దరఖాస్తు చేయడానికి 2019 చట్ట సవరణ 6 నెలలే ఇచ్చింది. ప్రమాదం జరిగిన ఊళ్లోనే కాదు, మీరుంటున్న చోట కూడా దరఖాస్తు వేయొచ్చు. గుద్దిన బండి దొరక్కపోయినా ఆశ వదులుకోవద్దు. హిట్ అండ్ రన్ పథకం కింద తీవ్ర గాయానికి 50,000 రూపాయలు, ప్రాణం పోతే కుటుంబానికి 2 లక్షలు ఇస్తారు.

7. సంతకం పెట్టేముందు

బీమా కంపెనీ తొందరగా ఇస్తామనే మొత్తం సాధారణంగా తక్కువే. గాయం ఎంతవరకు మానుతుందో డాక్టరు తేల్చి చెప్పేదాకా ఆగండి. "పూర్తి, తుది చెల్లింపు" అన్న కాగితం మీద సంతకం పెట్టాక, ఆరు నెలలకు మోకాలి సర్జరీ చేయాలన్నా మళ్లీ అడగడం దాదాపు అసాధ్యం.