మైల్డ్ హైబ్రిడ్‌లో స్టార్ట్-స్టాప్ మొరాయిస్తోందా? మెషీన్ విప్పే ముందు ఇవి చూడండి

సిగ్నల్ దగ్గర బండి ఆగినా ఇంజన్ ఆగదు. లేదా ఆగుతుంది గానీ, బ్రేకు వదలగానే కీచుమని అరిచి, ఓ కుదుపుతో స్టార్టవుతుంది. లేదా మీటర్‌లో వార్నింగ్ వెలిగి, పికప్‌లో మోటారు సాయం అందడం మానేస్తుంది. మైల్డ్ హైబ్రిడ్, అంటే ఇంజన్‌కు చిన్న మోటారు సాయం చేసే బండి, ఫిర్యాదులు చాలావరకు ఈ మూడే. మూడింటికీ మొదట నింద పడేది బీఎస్‌జీ (బెల్ట్ స్టార్టర్ జనరేటర్) మీద. ఆల్టర్నేటర్ ఉండాల్సిన చోట కూర్చుని, చార్జింగూ చేసి, బెల్టు పట్టుకుని ఇంజన్నూ తిప్పే మెషీన్ అది. ఖరీదైనది, పైగా చాలాసార్లు నిర్దోషి.

ఇంజన్ అసలు ఆగకపోతే

12 వోల్టుల బ్యాటరీ. ముందు అదే. 48 వోల్టుల విడి బ్యాటరీ ప్యాక్ ఉన్న బండిలో కూడా కంట్రోలర్లూ రిలేలూ బతికేది 12 మీదే. బండిని కొన్ని గంటలు కదపకుండా ఉంచి మల్టీమీటర్ పెట్టండి. 12.6 ఉంటే నిండుగా ఉంది, 12.2 ఉంటే సగమే. సగం బ్యాటరీతో ఇంజన్ ఆపే సాహసం ఏ కంట్రోలర్ చేస్తుంది? ఈ పనికి రెండు నిమిషాలు చాలు, అయినా చేయరు. స్కానర్ మాత్రం వచ్చీరాగానే తగిలిస్తారు.

నెగటివ్ టెర్మినల్ మీద చిన్న సెన్సర్ ఉంటే, చార్జర్ నెగటివ్ క్లిప్పు బాడీ ఎర్త్‌కే పెట్టండి. నేరుగా టెర్మినల్‌కు పెడితే ఎంత చార్జ్ ఎక్కిందో సెన్సర్ లెక్కలోకి రాదు. స్టార్ట్-స్టాప్‌ను తట్టుకునేలా చేసిన ఏజీఎం లేదా ఈఎఫ్‌బీ రకం బ్యాటరీ ఉన్నచోట మామూలుది వేయకండి. కొన్ని బండ్లలో కొత్త బ్యాటరీని స్కానర్‌తో నమోదు కూడా చేయాలి.

ఇంజన్ ఇంకా వేడెక్కలేదు, ఏసీ ఫుల్లుగా ఉంది, సీటుబెల్టు పెట్టుకోలేదు: ఇవి లోపాలు కావు. సర్వీసు చేయించిన మర్నాటి నుంచే మొదలైతే, బానెట్ మూసి ఉందో లేదో కంట్రోలర్‌కు చెప్పే స్విచ్ చూడండి.

కీచుమంటే, కుదిపితే

ఎక్కువమందిని బోల్తా కొట్టించేది ఇక్కడే.

మామూలు ఆల్టర్నేటర్‌ను క్రాంక్ (ఇంజన్ తిరిగే ఇరుసు) లాగుతుంది, అంతే. బెల్టులో ఒక వైపు ఎప్పుడూ బిగువు, రెండో వైపు ఎప్పుడూ వదులు, బెల్టును బిగించి ఉంచే టెన్షనర్ ఉండేది ఆ వదులు వైపు. బీఎస్‌జీ ఇంజన్ను తిప్పే క్షణంలో ఇది తారుమారవుతుంది, వదులు వైపే బిగుసుకుంటుంది. అందుకే చాలా బండ్లలో టెన్షనర్‌కు రెండు చేతులుంటాయి. ఒకటి నీరసించినా చార్జింగ్‌లో ఏమీ తెలియదు. ఐడ్లింగ్‌లో నిశ్శబ్దం, మీటర్లో వోల్టేజ్ భేష్. పైగా చాలా బండ్లలో పొద్దున తొలి స్టార్ట్ చేసేది మామూలు సెల్ఫే కాబట్టి అప్పుడూ చప్పుడు రాదు. సిగ్నల్ దగ్గర మాత్రం బెల్టు జారుతుంది. కంట్రోలర్‌కు బెల్టు కనపడదు కదా, తిప్పమన్నా ఇంజన్ తిరగలేదని బీఎస్‌జీ పేరున లోపం కోడ్ రాసేస్తుంది.

ఇక మెషీన్ మారుస్తారు. దాంతోపాటు కొత్త బెల్టు వేస్తే జబ్బు పోతుంది, పేరు మెషీన్‌కు వస్తుంది. పాత బెల్టే ఎక్కిస్తే అదే అరుపుతో బండి తిరిగొస్తుంది.

“బెల్టు చూశాం, పగుళ్లు లేవు” అంటారు. ఇప్పటి ఈపీడీఎం రబ్బరు బెల్టులు పాతవాటిలా పగలవు, టైరులా అరుగుతాయి. బెల్టు లోపలి వైపు పొడవునా ఉండే గట్లే రిబ్బులు, వాటి పక్క గోడలు పుల్లీ గాడిని పట్టుకోవాలి. అరిగాక రిబ్బు కొస గాడి అడుగును తాకుతుంది, గోడల పట్టు పోతుంది. పైకి బెల్టు నల్లగా, కొత్తదానిలాగే ఉంటుంది. కంటితో కాదు, అరుగుదల కొలిచే వేర్ గేజ్‌తో చూడండి.

బెల్టు దగ్గర చెయ్యి పెట్టే ముందు ఇగ్నిషన్ ఆపి, తాళం బండికి దూరంగా పెట్టండి. స్టార్ట్-స్టాప్‌లో ఆగిన ఇంజన్ దానంతట అదే తిరుగుతుంది.

స్కానర్‌లో క్రాంక్ వేగం, బీఎస్‌జీ వేగం పక్కపక్కన పెట్టి రీస్టార్ట్‌ను రికార్డు చేయండి. పుల్లీల నిష్పత్తి 2.5 అనుకుంటే క్రాంక్ 800కి బీఎస్‌జీ 2000 చూపాలి. బీఎస్‌జీ అంతకు మించి దూసుకెళ్లి, క్రాంక్ వెనకబడితే జారుతున్నట్టే. ఐడ్లింగ్‌లోనూ చప్పుడుంటే రిబ్బుల వైపు కొంచెం నీళ్లు చల్లండి. చప్పుడు పెరిగితే బిగువు చాలడం లేదు. కాసేపు తగ్గి మళ్లీ వస్తే ఏదో పుల్లీ వరస తప్పింది.

బెల్టు, టెన్షనర్ కలిపి మార్చండి, అదీ ఆ బండి పార్ట్ నంబర్ ప్రకారమే. పొడవు సరిపోయిందని మామూలు ఆల్టర్నేటర్ బెల్టు వేస్తే రెండు వైపులా లాగుళ్లు అది ఎక్కువకాలం ఓర్చుకోదు. పాత బెల్టు తడిగా ఉందా? వాటర్ పంప్, ముందువైపు క్రాంక్ సీల్ చూడకుండా కొత్తది ఎక్కించొద్దు. అరుపు ఆపే స్ప్రే జోలికి అస్సలు పోవద్దు.

మోటారు సాయం పోయి వార్నింగ్ మిగిలితే

పైవన్నీ సరిగా ఉంటే ఎర్త్ వైరు, కనెక్టర్లలో తడి చూడండి. 48 వోల్టుల బండిలో ప్యాక్ బాగానే ఉండి 12 బ్యాటరీ మాత్రం తరచూ పడిపోతుంటే 48 నుంచి 12 బ్యాటరీని నింపే డీసీ-డీసీ కన్వర్టర్‌ను అనుమానించాలి. బీఎస్‌జీ బేరింగ్, దాని మోటారుకు కరెంటు మలిచి ఇచ్చే ఇన్వర్టర్ పోవడం అరుదు. పోతే మాత్రం విప్పక తప్పదు. 48 వోల్టులు షాక్ కొట్టవులే అని కరెంటు పారుతుండగా కనెక్టర్ లాగకండి, ఆర్క్ వచ్చి పిన్నులు కాలిపోతాయి. బండి మాన్యువల్ చెప్పిన వరసలో సిస్టం ఆపాకే స్పానర్ పట్టండి.