బార్నెగాట్ జెట్టీ మీద జనవరి గాలి, బాతులు

న్యూజెర్సీలో ఎడిసన్ నుంచి గంటన్నర లోపు దూరంలో ఉన్న బార్నెగాట్ లైట్‌హౌస్‌కి మనవాళ్ళు జూలైలో వెళ్తారు. 217 మెట్లెక్కి, ఫోటోలు దిగి, ఐస్‌క్రీమ్ తిని వచ్చేస్తారు. నన్నడిగితే జనవరిలో వెళ్ళమంటాను. లైట్‌హౌస్ పక్కనుంచి సముద్రంలోకి పొడుచుకుపోయిన రాళ్ళ జెట్టీ ఒకటుంది. చలికాలమంతా దాని చుట్టూ హార్లెక్విన్ బాతులుంటాయి. ఎక్కడో కెనడాలో లాబ్రడార్ వైపు ఏరుల్లో గుడ్లు పెట్టే పక్షులు ఇవి. అమెరికా తూర్పు తీరంలో ఇంత దక్షిణాన ఏటా నమ్మకంగా కనబడే చోట్లు చాలా తక్కువ. గార్డెన్ స్టేట్ పార్క్‌వే మీద 63వ ఎగ్జిట్ తీసుకుని, 72 రోడ్డు మీదుగా వంతెన దాటి, దీవిలోకి వెళ్ళాక ఎడమకి తిరిగి చివరిదాకా పోవడమే.

బయల్దేరే ముందు రోజు టెంపరేచర్ కన్నా గాలి ఎలా ఉందో చూసుకోండి. 30 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉన్న రోజు గంటకి 20 మైళ్ళ గాలి తోడైతే ఒంటికి తెలిసేది 17 డిగ్రీల చలి. అంతకన్నా ముఖ్యం అది ఏ వైపు నుంచి వీస్తోందన్నది. చలికాలంలో ఎక్కువగా వచ్చేది వాయవ్యం గాలి. ముఖం కోసేస్తుంది గానీ నేల మీంచి సముద్రం వైపు పోతుంది కాబట్టి ఒడ్డు దగ్గర అలలు అణిగి ఉంటాయి, బాతులు చక్కగా కనిపిస్తాయి. నాకు ఇష్టమైన రోజులివే. ఈశాన్యం గాలి సంగతి వేరు. అలలు రాళ్ళ మీదకి ఎగిరిపడతాయి, నిలబడినవాళ్ళు తడిసి ముద్దవుతారు. ఆ రోజు జెట్టీ జోలికి పోవద్దు. లైట్‌హౌస్ పక్కన రెయిలింగ్ ఉన్న కాంక్రీటు దారి మీదే నిలబడి సముద్రం కేసి చూడండి. ఆ గాలికి సముద్రం లోపలి పక్షులు ఒడ్డు వైపు జరుగుతాయి. దాదాపు ఆరడుగుల రెక్కలున్న గానెట్ అనే సముద్రపు పక్షి అంత ఎత్తునుంచి రెక్కలు ముడిచి తలకిందులుగా నీళ్ళలో పడుతుంటే, నాకు సినిమాలేవీ అక్కర్లేదనిపిస్తుంది.

బట్టల విషయంలో నాదొకటే మాట, జీన్స్ వేసుకోకండి. గాలి సూటిగా లోపలికి వచ్చేస్తుంది, తడిస్తే ఇక ఆరదు. లోపల థర్మల్స్, మధ్యలో స్వెటర్, పైన గాలి చొరని జాకెట్, ప్యాంటు. ఊరినుంచి అమ్మ పంపిన మంకీ క్యాప్ సూట్‌కేసు అడుగున పడి ఉంటుంది కదా, దానికి ఇదే సమయం. ఎవరూ నవ్వరు, అక్కడ అందరూ అలాగే ఉంటారు. చేతులకి మాత్రం రెండు జతలు కావాలి. లోపల పల్చటి గ్లవ్స్, పైన వేళ్ళన్నీ ఒకే సంచిలో ఉండే మిటెన్స్. బైనాక్యులర్స్ ఫోకస్ తిప్పాల్సి వచ్చినప్పుడు పైవి తీస్తే చాలు. ఫోన్ లోపలి జేబులో, ఒంటికి ఆనుకుని ఉండాలి. చలికి బ్యాటరీ ఉన్నట్టుండి పడిపోతుంది.

బైనాక్యులర్స్ కొత్తగా కొనేవాళ్ళు 8x42 (ఎనిమిది రెట్లు పెద్దగా చూపించేవి) తీసుకోండి. 10x అయితే బొమ్మ పెద్దగా కనిపించే మాట నిజమే గానీ గాలికి చెయ్యి వణికినప్పుడు ఆ వణుకూ అంతే పెద్దగా కనిపిస్తుంది. స్కోప్ (ట్రైపాడ్ మీద పెట్టి చూసే దుర్భిణి) ఉంటే ట్రైపాడ్ కాళ్ళు పూర్తిగా లాగకండి. పొట్టిగా పెట్టి, మధ్యలో బ్యాగు వేలాడదీసి, పక్కన ఇసుకలో కూర్చోండి. కూర్చుంటే గాలీ తక్కువ తగులుతుంది, పక్షులూ తక్కువ బెదురుతాయి.

జెట్టీ మొదట్లోని కాంక్రీటు దారి అయిపోయాక అన్నీ బండరాళ్ళే. రాయి నుంచి రాయికి దూకుతూ పోయేవాళ్ళు కనిపిస్తారు. వాళ్ళని చూసి మీరూ ఎక్కకండి. నాచు పట్టిన నల్లటి రాయి మీద ఎంత మంచి బూటైనా జారుతుంది, పట్టుకోడానికి ఏమీ ఉండదు. పక్కనే ఇసుకలో నడుచుకుంటూ చాలా దూరం వెళ్ళొచ్చు. అక్కడ, ఆటు మీదున్నప్పుడు మాత్రమే, పొడిగా ఉన్న రాళ్ళ పక్కకి చేరండి. పోటు వేళలు ఫోన్లో ముందే చూసుకోండి. ఇంకో సంగతి, వాయవ్యం గాలి పోయేటప్పుడు వీపుని తోస్తుంది, వచ్చేటప్పుడు ముఖాన కొడుతుంది. ఓపికంతా పోయేటప్పుడే ఖర్చు పెట్టేస్తే కష్టం. మావారు ఈ ఒక్క కారణం చెప్పి కారులో హీటర్ వేసుకుని కూర్చుంటారు. నాకేం అభ్యంతరం లేదు, వచ్చేసరికి కారు వెచ్చగా ఉంటుంది.

జెట్టీ దగ్గర నిలబడి ఉత్తరం వైపు, పడవలు వెళ్ళే పాయలోకి చూస్తారు కాబట్టి చలికాలపు ఎండ వెనకనుంచే పడుతుంది. రంగులు బాగా తెలుస్తాయి. హార్లెక్విన్లు రాళ్ళని ఆనుకునే తిరుగుతాయి, దూరంగా వెతక్కండి. అల విరిగి నురగ తేలే చోట చూడండి. మగది ముదురు నీలం, పక్కలు ఇటుక రంగు, కంటి ముందు తెల్లటి నెలవంక, వెనక తెల్లటి చుక్క, మెడ మీద నల్ల అంచుల తెల్ల గీత; బొమ్మలకొలువులో కొత్తగా రంగేసిన బొమ్మలా ఉంటుంది. ఆడది గోధుమరంగులో సాదాగా, చెవి దగ్గర తెల్లమచ్చతో ఉంటుంది. రాళ్ళకున్న పీతలూ ఆల్చిప్పలూ వీటి తిండి. అలలు రాళ్ళకేసి కొడుతున్నా వెనక్కి తగ్గవు. వీటి అస్థిపంజరాలు పరిశీలించినవాళ్ళకి విరిగి మళ్ళీ అతుక్కున్న ఎముకలు కనిపించాయంటే ఆశ్చర్యమేముంది?

దగ్గరికి వెళ్ళడానికి ఒక పద్ధతుంది. గుంపులో ఒకటి మునగ్గానే కదలకండి, మిగతావి చూస్తుంటాయి. అన్నీ మునిగాక నాలుగడుగులు వేసి ఆగిపోండి. సుమారు 20 సెకన్లలో తేలతాయి. అప్పటికి మీరు కదలకుండా ఉండాలి. ఇలా రెండు మూడు సార్లు చేసి కూర్చుంటే ఆ తర్వాత అవే ఎదురొస్తాయి. మెడలు చాచి, అన్నీ ఒకే వైపు తిరిగి ఈదడం మొదలుపెట్టాయంటే మీరు మరీ దగ్గరికొచ్చారని అర్థం, అక్కడితో ఆగండి. చలిలో ఒక్కసారి ఎగిరినా వాటికి ఒంట్లో ఉన్న శక్తి వృథా.

పాయ మధ్యలో తేలేవి లాంగ్‌టెయిల్డ్ బాతులు. కనబడకముందే వినిపిస్తాయి, "ఔ ఔ ఔలే" అని ముక్కుతో పాడినట్టు. ఇవి 60 మీటర్ల లోతుకి కూడా మునగగలవు. రాళ్ళ మీద అలకి వెనక్కి, అల పోగానే ముందుకి పరుగెత్తే బూడిదరంగు చిన్న పిట్టలు పర్పుల్ శాండ్‌పైపర్లు. పేరులో ఉన్న ఊదా రంగు నాకు ఇప్పటిదాకా కనిపించలేదు. వాటితో కలిసి తిరిగే రడ్డీ టర్న్‌స్టోన్‌ని కాకినాడ వైపు నుంచి వచ్చినవాళ్ళు ప్రత్యేకంగా చూడండి. చలికాలంలో మన తీరానికీ వచ్చే జాతే ఇది. ముక్కుతో గులకరాళ్ళు తిరగేసి కింద ఏముందో వెతుక్కుంటుంది.

వేళ్ళు మొద్దుబారి ఫోకస్ చక్రం తెలియకపోతే లేచి వచ్చేయండి, ఇంకొక్క బాతు అంటూ కూర్చోవద్దు. కారులో ఫ్లాస్కులో టీ, డబ్బాలో పులిహోర ఉంచుకోండి. చల్లారినా తినగలిగేది అదొక్కటే, ఇడ్లీ అయితే రాయైపోతుంది. బైనాక్యులర్స్‌ని చలిలోంచి నేరుగా హీటర్ ముందు పెడితే అద్దాలకి ఆవిరి పడుతుంది, బ్యాగులోనే ఉంచి జిప్పు వేసేయండి. ఇంటికొచ్చాక అద్దం మీది ఉప్పుని పొడిగుడ్డతో తుడవద్దు, గీతలు పడతాయి. ముందు మంచినీళ్ళతో తడిపి, ఉప్పు కరిగాక మెత్తటి గుడ్డతో అద్దండి.