సిక్లిడ్ ట్యాంకులో పీహెచ్ పడిపోకుండా

ఆఫ్రికాలోని మలావీ సరస్సుకు చెందిన సిక్లిడ్ చేపలకు పీహెచ్ (నీళ్లు ఆమ్లమో క్షారమో చెప్పే కొలత) 7.8 నుంచి 8.6 మధ్య ఉంటే బాగుంటుంది. టాంగన్యీకా సరస్సు సిక్లిడ్‌లు 9 దగ్గరైనా హాయిగా ఉంటాయి. అయినా నేను టెస్ట్ కిట్ తీస్తే ముందు చూసేది కేహెచ్, అంటే నీళ్లలోని కార్బొనేట్ల నిల్వ. ఫిల్టర్‌లోని బ్యాక్టీరియా అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చేటప్పుడు ఆమ్లం పుడుతుంది. దాన్ని అణిచేది ఈ నిల్వే. అది అయిపోతే పీహెచ్ ఒక్కసారిగా జారిపోతుంది.

కేహెచ్ పెంచడానికి వంటసోడా చాలు. 100 లీటర్లకు 3 గ్రాములు వేస్తే కేహెచ్ దాదాపు 1 డిగ్రీ (కేహెచ్ కొలిచే యూనిట్) పెరుగుతుంది. నేను దాన్ని ట్యాంకులో చల్లను, కొత్తగా పోయబోయే నీళ్లలో కరిగించి నెమ్మదిగా పోస్తాను. దీనితో జీహెచ్ (నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియంల కొలత) పెరగదు, అందుకు ఎప్సమ్ సాల్ట్ (మెగ్నీషియం సల్ఫేట్) వాడతాను. పగడపు ముక్కలు ఫిల్టర్‌లో పెట్టొచ్చు కానీ పీహెచ్ 8 దాటాక అవి పెద్దగా కరగవు, వాటినే నమ్ముకోవద్దు.

పీహెచ్ ఇప్పటికే పడిపోయి ఉంటే టెన్షన్‌తో ఒకేసారి పెంచకండి. ముందు అమ్మోనియా చూడండి. తక్కువ పీహెచ్‌లో అది ఎక్కువగా అమ్మోనియం రూపంలో, చేపకు అంత హాని చేయకుండా ఉంటుంది. పీహెచ్ పెరగగానే విషమవుతుంది. అమ్మోనియా కనిపిస్తే మేత ఆపి, రోజూ కొద్దికొద్దిగా నీళ్లు మార్చండి, అది తగ్గాకే సోడా.

మామూలు రోజుల్లో వారానికి 25 శాతం నీళ్లు మారిస్తే సరిపోతుంది. కొత్త నీళ్లలో క్లోరిన్ లేకుండా, వేడి, కేహెచ్ ట్యాంకుతో సమానంగా ఉండేలా చూసుకోండి.