ఏఐ ఏజెంట్ టూల్‌కు డిస్క్రిప్షన్ ఎలా రాయాలి?

ఏఐ ఏజెంట్ అంటే మన తరఫున పనులు చేసిపెట్టే ఏఐ ప్రోగ్రామ్. ఆ పని కోసం అది పిలిచే కోడ్ ముక్క టూల్. ఆ టూల్ ఏం చేస్తుందో మాటల్లో చెప్పేది డిస్క్రిప్షన్. టూల్ కోడ్ మీద మూడు రోజులు కూర్చుంటారు. డిస్క్రిప్షన్ దగ్గరికి వచ్చేసరికి "బస్సుల డేటా ఇస్తుంది" అని మూడు ముక్కలు రాసి చేతులు దులుపుకుంటారు. ఏజెంట్ వెనకుండి నిర్ణయాలు తీసుకునే ఏఐ మోడల్‌కు మీ కోడ్ కనపడదండీ. కనపడేది టూల్ పేరు, డిస్క్రిప్షన్, పారామీటర్ల స్కీమా (టూల్‌కు ఏ వివరాలు, ఏ రూపంలో ఇవ్వాలో చెప్పే జాబితా), అంతే. వాటిని చూసే మీ టూల్‌ను పిలవాలో వద్దో తేల్చుకుంటుంది.

కావలసినవి: పనిచేస్తున్న ఏపీఐ (ఒక ప్రోగ్రామ్ ఇంకో ప్రోగ్రామ్‌ను పని అడిగే దారి), ఒక ఎడిటర్, కస్టమర్లు నిజంగా అడిగిన ఇరవై ప్రశ్నలు. మోడల్‌కు టూల్స్ తగిలించడానికి 2023 జూన్‌లో ఓపెన్‌ఏఐ తెచ్చిన ఫంక్షన్ కాలింగ్ వాడినా, 2024 నవంబర్‌లో ఆంత్రోపిక్ విడుదల చేసిన ఎంసీపీ (మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్) వాడినా రాసే పద్ధతి ఒకటే. బస్సు టికెట్లు బుక్ చేసే ఏజెంట్‌ను ఉదాహరణగా తీసుకుందాం.

1. పేరు పెట్టండి

చేసే పని పేరులోనే తెలియాలి. సెర్చ్_బసెస్, క్యాన్సిల్_టికెట్. బస్_మేనేజర్ లాంటివి వద్దు, అది ఏం మేనేజ్ చేస్తుందో పెట్టినవాళ్లకే ఆర్నెల్ల తర్వాత గుర్తుండదు.

2. పారామీటర్లు రాయండి

"ప్రయాణ తేదీ" అని వదిలేస్తే 05/06 అని రావచ్చు. మనకది జూన్ 5, అమెరికా వాళ్లకు మే 6. "2025-06-05 లాగా, ముందు సంవత్సరం" అని ఉదాహరణతో రాయండి. డబ్బయితే రూపాయలా, పైసలా చెప్పండి. పైసల్లో లెక్క చూసే పేమెంట్ ఏపీఐకి 500 పంపితే అది 5 రూపాయలే. ఏసీ స్లీపర్, నాన్ ఏసీ సీటర్ లాంటివి ఈనమ్‌లో, అంటే వీటిలో ఒకటే ఎంచుకోవాలనే జాబితాలో, పెట్టేయండి.

3. ఎప్పుడు వాడకూడదో రాయండి

అందరూ బోల్తా పడేది ఇక్కడే. నేనూ పడ్డాను. ఒక ట్రావెల్స్ వాళ్ల ఏజెంట్‌లో క్యాన్సిల్_టికెట్‌కు "టికెట్ రద్దు, రిఫండ్ వ్యవహారాలు చూస్తుంది" అని రాశాను. ఒకాయన "రేపటి విజయవాడ టికెట్ క్యాన్సిల్ చేస్తే ఎంత వెనక్కి వస్తుంది?" అని అడిగారు. ఏజెంట్ ముందు టికెట్ రద్దు చేసేసి, ఆ తర్వాత ఎంత వచ్చిందో చక్కగా చెప్పింది. సంక్రాంతి ముందు వారం. మళ్లీ సీటు దొరకలేదు. ఫోన్‌లో ఆయన నన్నన్న మాటలు ఇక్కడ రాయలేను.

మోడల్‌ను ఏమని తిడతాం? రిఫండ్_ఎస్టిమేట్ అని ఇంకో టూల్ ఉంది, కానీ దాని డిస్క్రిప్షన్‌లో నేను రాసింది "ఛార్జీల లెక్క" అని. రిఫండ్ అన్న మాట నిండుగా కనపడింది రద్దు చేసే టూల్‌లోనే. ఆ రాత్రే ఇలా మార్చాను:

"కన్ఫర్మ్ అయిన టికెట్‌ను రద్దు చేస్తుంది. రద్దయ్యాక మళ్లీ తెరవడం కుదరదు. రద్దు చేయమని యూజర్ స్పష్టంగా చెప్పాకే వాడాలి. రిఫండ్ ఎంత వస్తుందని మాత్రమే అడిగితే రిఫండ్_ఎస్టిమేట్ వాడాలి. ప్రయాణ తేదీ మార్చడానికి ఇది వాడకూడదు. టికెట్ నంబరు, రిఫండ్ మొత్తం రూపాయల్లో తిరిగి ఇస్తుంది."

అసలు రాసింది ఇంగ్లిష్‌లోనే. తెలుగు లిపికి టోకెన్లు (మోడల్ పాఠాన్ని విడగొట్టి చదివే ముక్కలు) ఎక్కువ పడతాయి, పైగా డిస్క్రిప్షన్ ప్రతి రిక్వెస్ట్‌తోనూ వెళ్తుంది. అలాగని పిసినారితనం చేయకండి. నాలుగు వాక్యాలకు తక్కువైతే నేను రివ్యూలో పాస్ చేయను.

ఒకదానితో ఒకటి కలిసిపోయే టూల్స్‌ను ఎప్పుడూ జంటగా, పక్కపక్కన పెట్టుకునే రాయండి. "నేను కాదు, అది" అని రెండింటిలోనూ ఉండాలి. తర్వాత పేర్లు దాచేసి, కోడ్ తెలియని మనిషికి, సపోర్ట్ డెస్క్‌లో కూర్చునే అమ్మాయికో అబ్బాయికో, చదవమని ఇవ్వండి. కస్టమర్ ప్రశ్న ఒకటి చెప్పి ఏది వాడాలో అడగండి. వాళ్లు తటపటాయిస్తే మళ్లీ రాయాల్సిందే. అలాగని పది "వద్దు"లు పేర్చకండి, నిజంగా తికమక పెట్టేవి రెండో మూడో చాలు.

కొందరు ఈ జాగ్రత్తలన్నీ సిస్టమ్ ప్రాంప్ట్‌లో, అంటే ఏజెంట్‌కు ముందే ఇచ్చే మొత్తం సూచనల్లో, కుక్కుతారు. నాకు నచ్చదు. రేపు అదే టూల్‌ను ఇంకో ఏజెంట్‌కు తగిలిస్తే ఆ ప్రాంప్ట్ వెంట రాదు కదా. ఇంకొందరు అన్నీ పెద్ద అక్షరాల్లో రాసి అరుస్తారు. ప్రతి లైనూ అరుస్తుంటే ఏది ముఖ్యమో ఎలా తెలుస్తుంది?

ఇంకో మాట. ఎంత బాగా రాసినా మోడల్ ఒక్కోసారి తప్పుతుంది. డబ్బు పోయే పనులకు కోడ్‌లోనే కన్ఫర్మేషన్ అడిగించండి.

4. పరీక్షించండి

ఆ ఇరవై ప్రశ్నలు వేసి, లాగ్‌లో (ఏజెంట్ చేసిన పనుల రికార్డులో) ఏ టూల్‌ను పిలిచిందో చూడండి. అసలు ఏ టూలూ అవసరంలేని ప్రశ్నలు కొన్ని కలపండి. తప్పితే ఒకసారికి ఒక్క వాక్యమే మార్చి మళ్లీ నడపండి, నాలుగు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. మోడల్ వెర్షన్ మారిన రోజున ఇరవై ప్రశ్నలూ మళ్లీ మొదటినుంచి నడపాలి.